బేగంపేటలో దోమ కుట్టించుకున్న హుసేన్ ఖాన్, నోబెల్ పొందిన రొనాల్డ్ రాస్

నేడు ఉమ్రాకు బయలుదేరే సోదరులంతా శంషాబాద్ విమానాశ్రయానికి వెళుతున్నారు. 2008 మార్చి వరకు మన నగరం విమానాలు బేగంపేట నుంచే ఎగిరేవి. ఆ పాత విమానాశ్రయం సమీపంలో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన ఒక పురాతన భవనం ఉంది. మలేరియా రహస్యం బయటపడింది అక్కడే. కనిపెట్టిన వ్యక్తి సర్ రొనాల్డ్ రాస్. పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు చదివే మన పిల్లలకు ఆ పరిశోధనకు రక్తమిచ్చిన హుసేన్ ఖాన్ పేరు తెలియదు. అందుకే ఈ శుక్రవారం రాస్ జీవితాన్ని ఎంచుకున్నాము.

రాస్ 1857 మే 13న హిమాలయ ప్రాంతంలోని ఆల్మోడాలో జన్మించాడు. మీరట్‌లో సిపాయిల తిరుగుబాటు మొదలై అప్పటికి మూడు రోజులే. తండ్రి బ్రిటిష్ సైన్యంలో పెద్ద అధికారి. కొడుకుకు కవిత్వం, చిత్రలేఖనం, గణితం ఇష్టం. తండ్రి మాత్రం వైద్యమే చదవాలన్నాడు. ఆ విధంగా లండన్‌లో చదివి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి ఈ దేశానికి తిరిగి వచ్చాడు.

మన ఇళ్లలో జాడా బుఖార్ అనే చలిజ్వరం ఆ రోజుల్లో లక్షల ప్రాణాలు తీసేది. చెడు గాలి వల్ల వస్తుందని ప్రజల నమ్మకం. 1880లో అల్జీరియాలో లావెరాన్ అనే ఫ్రెంచి వైద్యుడు రోగి రక్తంలో ఆ క్రిమిని చూశాడు. అది ఒకరి నుంచి మరొకరికి ఎలా చేరుతుందన్నది మిగిలిపోయిన ప్రశ్న. దోమను అనుమానించమని 1894లో లండన్‌లో ప్యాట్రిక్ మాన్సన్ రాస్‌కు చెప్పాడు. మరుసటి ఏడాది రాస్ సికింద్రాబాద్ చేరాడు.

రెండేళ్లు వందలాది దోమలను కోసి చూశాడు. అవి ఈ పనికి సంబంధం లేని జాతుల దోమలు. 1897 ఆగస్టులో రెక్కలపై మచ్చలున్న దోమలు దొరికాయి. వాటిని హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టనిచ్చాడు, దోమకొక అణా చొప్పున చెల్లించాడు. గాలికి దోమలు ఎగిరిపోతాయని పంకా ఆపించాడు. నుదుటి చెమట కారి సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి. ఆగస్టు 20న దోమ కడుపు గోడలో నల్లని రేణువులున్న గుండ్రని కణాలు కనిపించాయి. రోగి రక్తంలోని క్రిమి దోమలో పెరుగుతున్నదని తేలింది.

విద్యార్థుల కోసం ఇక్కడ కాస్త ఆగుదాము. కుట్టేది ఆడ అనాఫిలిస్ దోమ మాత్రమే. దాని లాలాజలంతో క్రిమి మన రక్తంలోకి దిగి, కొద్దిసేపట్లోనే కాలేయంలో దాక్కుంటుంది. ఈ సంగతి 1948లో గాని తెలియలేదు. అక్కడ వేలల్లో పెరిగి ఎర్రకణాల్లోకి ప్రవేశిస్తుంది. కణాలు ఒక్కసారిగా పగిలినప్పుడు వణుకు, జ్వరం, చెమట. రోజు విడిచి రోజు జ్వరం వచ్చేది ఇందుకే. పాడైన కణాలను వడగట్టలేక ప్లీహం, అంటే తిల్లీ, ఉబ్బిపోతుంది. ఒక్క క్రిమి ఇన్ని అవయవాలను కదిలిస్తుంది. దేహం సృష్టికర్త మనకప్పగించిన అమానత్ అని పెద్దలు చెప్పేది ఊరికే కాదు.

మరి ఈ అమానత్‌పై ప్రయోగం చేసే హక్కు ఎవరికుంది? హుసేన్ ఖాన్ విషయంలో రాస్‌ను మేము గట్టిగా తప్పుపట్టలేము. ఆయన అప్పటికే రోగి, క్రిమి ఆయన నుంచి దోమకు వెళ్లింది. కానీ 1895లో రాస్ దోమలు చచ్చిన నీటిని ఆరోగ్యవంతుడైన ఒక మనిషి చేత తాగించాడు. ఆ మనిషికి జ్వరం వచ్చింది. సైనిక వైద్యాధికారి అడిగితే ఒక పేదవాడు కాదనగలడా? పైసలిచ్చినంత మాత్రాన అది అంగీకారమవుతుందా? పదో శతాబ్దపు హకీమ్ అర్రాజీ పాదరసాన్ని ముందు కోతికి ఇచ్చి చూశాడు. ఆయన మహాగ్రంథం అల్‌హావీని అరబీలో అచ్చువేసింది మన హైదరాబాద్ దాయిరతుల్ మఆరిఫే. మాన్సన్ 1900లో మలేరియా దోమల చేత కుట్టించింది తన సొంత కొడుకుని. అతనూ వైద్యవిద్యార్థే, తెలిసి ఒప్పుకున్నాడు.

ప్రయోగానికి మనిషి స్వచ్ఛందమైన అంగీకారం తప్పనిసరి అని 1947లో న్యూరెంబర్గ్ న్యాయస్థానం తేల్చింది. అయినా 2009లో మన ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలపై టీకా అధ్యయనం జరిగినప్పుడు అనేక పత్రాలపై తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. 2010లో ప్రభుత్వం దానిని నిలిపివేసింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా ఆక్షేపించింది. ఆస్పత్రిలో మన భాషలో లేని కాగితం ముందుంచితే, చదివి వినిపించమని అడగడానికి మనవాళ్లు సిగ్గుపడుతున్నారు. అడగండి.

ఆ తరువాత సికింద్రాబాద్ నుంచి రాస్‌ను రాజపుటానాకు బదిలీ చేశారు. 1898లో కలకత్తాలో ముహమ్మద్ బక్ష్ అనే సహాయకునితో పిచ్చుకలపై పని చేసి, క్రిమి దోమ లాలాజల గ్రంథుల ద్వారా పక్షికి చేరుతుందని నిరూపించాడు. మనుషుల విషయంలో అదే సంగతిని ఇటలీ శాస్త్రవేత్తలు చూపారు. ఘనత ఎవరిదన్న తగవులో రాస్ జీవితాంతం చిక్కుకున్నాడు, ఆ మేధావికి అది తగదు. 1902లో నోబెల్ వచ్చింది. 1927లో కలకత్తాలో తన పేరిట నిర్మించిన స్మారక ద్వారాన్ని చూడటానికి వచ్చాడు. 1932 సెప్టెంబరు 16న లండన్‌లో మరణించాడు. బేగంపేట భవనానికి నేడు ఆయన పేరే ఉంది.