వెలియైన విదుషి: పండిత రమాబాయి

లోకము తన్ను వెలివేసినపుడు మనుజుఁడు సాధారణముగా రెండు మార్గములలో నొకదానిఁ ద్రొక్కును. వెలివేసినవారిని ద్వేషించుట యొకటి. వారి వాకిట నిలిచి బ్రతిమాలుట రెండవది. పండిత రమాబాయి యీ రెంటిని విడిచి మూఁడవ మార్గమును గనుఁగొనెను.

ఆమె 1858లో పడమటి కనుమల యడవిలో జన్మించెను. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే భార్యకు సంస్కృతము నేర్పినందులకు స్వజనులే యాక్షేపించిరి. ఆ తల్లియే పుత్రికకు గురువయ్యెను. పురాణపఠనముచే జీవించుచు దేశాటనము సేయు నా కుటుంబము దక్షిణదేశపు కఱవున జిక్కెను. తండ్రి మరణించెను, పిదప రాయచూరున తల్లి మరణించెను. శవమును మోయుటకు నలువురు దొరకరైరి. ఇరువురు బ్రాహ్మణులు దయదలఁపఁగా అన్న మూఁడవవాఁడయ్యెను. పొట్టిదగు రమాబాయి తన వంతు బరువును శిరముపై నెత్తుకొని శ్మశానమునకు నడచెను.

1878లో కలకత్తా పండితు లామె విద్వత్తును మెచ్చి పండిత, సరస్వతి యను బిరుదముల నొసంగిరి. 1880లో అన్యకులజుఁడగు వంగదేశ న్యాయవాదిని వివాహమాడఁగా దంపతులకు వెలి ప్రాప్తించెను. రెండేండ్లు నిండకమునుపే భర్త మరణింప, పసికూఁతుతో నామె యొంటరి యయ్యెను.

1883లో ఇంగ్లండునందు వాంటేజి పట్టణమున నామె బాప్తిస్మము పొందెను. స్వదేశమున మిత్రు లనేకులు విముఖులైరి. సిద్ధాంతముల నన్నిటిని ప్రశ్నించుచుండుటచే ఆంగ్ల గురువులకును ఆమె విధేయురాలుగాఁ దోఁపలేదు. ఇట్లు ఇరువాగులనుండియు నిరాదరణమే లభించెను.

1889లో బొంబాయియందు విధవలకై శారదాసదనమును స్థాపించి మఱుసటియేఁడు పూనాకు మార్చెను. మతబోధ జరుపనని యామె మాట యిచ్చియుండెను. కాని తన ప్రార్థనాసమయమున తలుపు మూయలేదు. బాలికలు వచ్చి కూర్చుండిరి. 1893లో రానడే, భాండార్కరు సలహాసంఘమును వీడిరి. అనేకులు తమ బాలికలను గొనిపోయిరి. ఆ పెద్దల వాదమున న్యాయము లేదనరాదు. ఐనను ప్రార్థించు తల్లి తలుపు మూయవలెననుట సులభముగాదు.

తాను తొలుత మతమునే గైకొంటిననియు, క్రీస్తును పిదపనే యెఱిఁగితిననియు రమాబాయి వ్రాసికొనెను. జనుల యాదరణముపై నాధారపడని ధైర్య మామెకు ఈ యెఱుక వలననే కలిగెను. 1896–97 కఱవున మధ్యపరగణాలకుఁ బోయి, దిక్కులేని బాలికలను వందలకొలఁది తెచ్చి, పూనాకు దాపుననున్న కేడ్గాఁవునందలి ముక్తిసదనమునఁ జేర్చెను. 1900 నాఁటి ఘూర్జర క్షామము తరువాత వారి సంఖ్య రెండువేలకు సమీపించెను. అంధులకును, లోకము పతితలని త్రోసిన స్త్రీలకును అచ్చట స్థానము గలిగెను. తుదిదినములలో బైబిలును మూలభాషలనుండి మరాఠీలోనికిఁ దెచ్చుచుండెను. 1921లో కుమార్తె మనోరమ గతించెను. 1922 ఏప్రిలు 5న తానును దివంగత యయ్యెను.

ఆమె మతాంతరము మనలోఁ బలువురకు సమ్మతము గాకపోవచ్చును. కాని తల్లి పాడె మోయుటకు నలుగురు కఱవైన యా బాలిక వేలమంది యనాథలకుఁ దల్లి యయ్యెను. తలుపు మూసినవారెవరో, తెఱచినవారెవరో విచారించుట మనకు విధి.