ఎడ్మండ్ బర్కు: ప్రజాప్రతినిధి జీతము

ఎడ్మండ్ బర్కు పేరు వినగానే వారన్ హేస్టింగ్సుపై నడచిన అభియోగము మనకు స్ఫురించును. ప్రజాప్రతినిధి ఎవరి జీతము పుచ్చుకొనవలెనను ప్రశ్న గూడ ఆయన జీవితముతో పెనవేసికొని యున్నది.

బర్కు 1729లో డబ్లిన్ నగరమున జన్మించెను. న్యాయశాస్త్రము చదువ లండనునకు వచ్చి, దానిని విడిచి గ్రంథరచనకు పూనుకొనెను. 1765లో పార్లమెంటు సభ్యుడయ్యెను. ఆనాడు సభ్యులకు జీతము లేదు. 1911లో గాని ఆ యేర్పాటు జరుగలేదు. ఆస్తి లేనివానికి సంసారము గడచుట కష్టము. బర్కు సభ్యుడుగా నుండియే న్యూయార్కు వలసరాజ్య శాసనసభకు ఏజెంటుగా 1775 వరకు ఏటికి 500 పౌనులు పుచ్చుకొనెను. అమెరికా పక్షమున ఆయన వాదము న్యాయమైనదే. కాని ఆ జీతము సందేహమునకు తావిచ్చునదే.

రాజమంత్రులు సభ్యుల యీ అవసరమునే ఆసరా చేసికొని, పని లేని ఉద్యోగములు, పింఛనులు పంచి ఓట్లు సంపాదించుచుండిరి. 1780 ఫిబ్రవరి 11వ తేదీన బర్కు ఈ పద్ధతిపై ధ్వజమెత్తెను. వ్యయము తగ్గించుట పైకి కనబడు లక్ష్యము; సభను రాజు చేతినుండి విడిపించుట అసలు లక్ష్యము. 1782లో ఆయన శాసనము నెగ్గి, వాణిజ్య మండలి రద్దయ్యెను. అందు జీతము కోల్పోయిన పార్లమెంటు సభ్యులలో రోము చరిత్రకారుడు గిబ్బన్ ఒకడు.

ఆ యేడే బర్కు సైన్యపు పేమాస్టరయ్యెను. పూర్వపు పేమాస్టర్లు ప్రభుత్వ ధనమును తమవద్ద నుంచుకొని లాభము పొందుచుండిరి. ఆయన దానిని బ్యాంకు ఆఫ్ ఇంగ్లండులో జమ చేయవలెనని శాసనము చేయించి, తన పదవికి 4,000 పౌనుల నియత వేతనము ఏర్పరచెను. అయినను కుమారుని తన కార్యాలయముననే నియమించుకొనెను. ఆ లోపము దాచరానిది.

1785లో ఆర్కాటు నవాబు అప్పులను గూర్చి ప్రసంగించుచు, మదరాసులోని కంపెనీ ఉద్యోగులు అధిక వడ్డీలతో ఆర్జించిన ధనము పార్లమెంటు స్థానములుగా మారుచున్నదని చాటెను. నవాబు రాజ్యమున మన నెల్లూరు సీమయు చేరియుండెను. తెలుగు రైతు శిస్తునకును లండను సభ్యుని ఓటునకును గల సంబంధమట్టిది.

1794లో సభను విడిచిన పిదప బర్కునకు రాజు పింఛను లభించెను. బెడ్‌ఫర్డు డ్యూకు ఆక్షేపింపగా, తనది సేవకు ప్రతిఫలమనియు, డ్యూకు వంశపు సంపద రాజానుగ్రహమున లభించినదనియు 1796లో ఆయన బదులు వ్రాసెను. మరుసటి యేడు మరణించెను.

మన రాజ్యాంగపు 102వ అధికరణము సభ్యుడు ప్రభుత్వము క్రింద లాభదాయక పదవి వహించుటను నిషేధించి, మినహాయింపులను పార్లమెంటునకు వదలెను. మంత్రి జీతము పొందువానికి సభ్యుని జీతము వేరుగా లేదని 1952 నాటి శాసనము నిర్ణయించెను. 1954 నాటి శాసనము సభ్యులకు జీతము ఏర్పరచెను. బర్కు చరిత్ర నుండి తేలునదియు నిదియే: బ్రతుకుటకు చాలినంత జీతము ఒకచోట బహిరంగముగా ఇచ్చిననే, రెండవచోట చేయి చాపవలదని ప్రతినిధిని శాసించు హక్కు ప్రజలకు కలుగును.