న్యాయమూర్తి వేటిస్ వేరింగు

అమెరికాలో ప్రతి రాష్ట్రమునకును తన కోర్టులు తనకు గలవు. అవిగాక దేశ రాజ్యాంగమును, కేంద్ర శాసనములను అమలుపరచు ఫెడరల్ కోర్టులు వేరుగా గలవు. ఈ కోర్టుల న్యాయమూర్తులను సెనేటు సమ్మతితో దేశాధ్యక్షుడు నియమించును. సత్ప్రవర్తన గలిగియున్నంత కాలము వారిని తొలగింపరాదు, జీతము తగ్గింపరాదు. జనాగ్రహమునకు వెరవక తీర్పు చెప్పుటకే ఈ యేర్పాటు. కాని జీతము తగ్గనంతమాత్రాన ఊరిలో బ్రతుకు సాగునా?

జూలియస్ వేటిస్ వేరింగు 1880 జూలై 27వ తేదీన దక్షిణ కరొలీనా రాష్ట్రమందలి చార్లెస్టను పట్టణమున, తరతరములుగా అచ్చట పాతుకొన్న కుటుంబమున జన్మించెను. తండ్రి అంతర్యుద్ధమున దక్షిణ రాష్ట్రముల పక్షమున పోరాడినవాడు. వేరింగు న్యాయవాదియై, పట్టణమునకు న్యాయ సలహాదారుగా నుండి, 1942లో రూజ్వెల్టుచే ఫెడరల్ న్యాయమూర్తిగా నియమింపబడెను. అప్పటికి వయస్సు అరువది యొకటి. ఆ వయస్సున మనుష్యుని భావములు మారుట అరుదు.

1946 ఫిబ్రవరిలో ఐజాక్ ఉడార్డ్ అను నల్లజాతి సైనికుడు యుద్ధసేవ ముగించి సైనిక దుస్తులతోనే ఇంటికి పోవుచుండగా, దారిలో పోలీసు అధికారి కొట్టిన దెబ్బలకు రెండు కన్నులును పోయెను. విచారణ వేరింగు ఎదుటనే జరిగెను. అందరును తెల్లవారేయైన జూరీ సుమారు అరగంటలో ఆ అధికారిని నిర్దోషియని విడిచెను. వేరింగు భార్య ఎలిజబెత్ కన్నీళ్లతో కోర్టు వెడలెను. పిమ్మట ఆ దంపతులు జాతి సమస్యపై గ్రంథములు తెచ్చుకొని చదువసాగిరి. స్వీడను పండితుడగు గున్నార్ మిర్డాల్ రచించిన గ్రంథము వానిలో నొకటి. గ్రంథాలయ సభ్యులు ఈ సంగతి గమనింపదగును.

ఆ రాష్ట్రమున డెమొక్రాటిక్ పార్టీ అభ్యర్థియే గెలుచుచుండుటచే, అభ్యర్థిని నిర్ణయించు పార్టీ ఎన్నికయే అసలు ఎన్నిక. పార్టీ ఒక ప్రైవేటు సంఘము వంటిదని చెప్పి నల్లజాతివారిని అందు ఓటు వేయనీయరైరి. 1947లో వేరింగు ఈ వాదమును త్రోసిపుచ్చెను. మరుసటి ఏడు వారు వేలకొలదిగా ఓటు వేసిరి.

అంతట చుట్టములు, మిత్రులు ఆయన గడప త్రొక్కుట మానిరి. మొదటి భార్యకు విడాకులిచ్చి 1945లో ఎలిజబెత్తును పెండ్లాడుటయే ఈ వెలికి కారణమని కొందరందురు. అదియు కొంత నిజమే. అయినను 1950లో ఆయన ఇంటిపై రాళ్లు పడినది పెండ్లి కొఱకు కాదు.

క్లారెండన్ కౌంటీలో తెల్లపిల్లల చదువునకు తలకు 179 డాలర్లు, నల్లపిల్లలకు 43 డాలర్లు వెచ్చించుచుండిరి. తెల్లపిల్లలకు బడి బస్సులుండెను. నల్లపిల్లలు మైళ్లకొలది నడిచిపోవుచుండిరి. తల్లిదండ్రులు దావా తెచ్చిరి. అందు మొదటి వాది హ్యారీ బ్రిగ్స్, పెట్రోలు బంకులోని తన పని పోగొట్టుకొనెను. బడులు సమానముగా నుండవలెనని మాత్రమే కోరక, వేరు బడుల పద్ధతినే ఎదిరింపుమని వారి న్యాయవాది థర్‌గుడ్ మార్షలునకు వేరింగు సూచించెను. 1951లో ముగ్గురు న్యాయమూర్తులు విచారించిరి. ఇరువురు వేరు బడులు చెల్లుననిరి. వేరుచేయుటయే అసమానతయని వేరింగు ఒక్కడే వ్రాసెను.

1952లో పదవి విరమించి, పుట్టిన ఊరు విడిచి న్యూయార్కు చేరెను. 1954 మే 17న సుప్రీం కోర్టు ఈ వ్యాజ్యమును మరి కొన్నిటితో చేర్చి తీర్పు చెప్పుచు, వేరు బడులు రాజ్యాంగ విరుద్ధమని ఏకగ్రీవముగా నిర్ణయించెను.

1968 జనవరి 11న ఆయన మరణించగా, దేహమును చార్లెస్టనునకే తెచ్చి ఖననము గావించిరి. వచ్చిన తెల్లవారిని వ్రేళ్లపై లెక్కింపవచ్చును; నల్లజాతివారు సుమారు రెండువందలమంది వచ్చిరి. ఆ ఊరి ఫెడరల్ కోర్టు భవనమునకు 2015లో వేరింగు పేరు పెట్టిరి. అంతకుముందు దానికున్నది మాజీ సెనేటరు ఎర్నెస్ట్ హోలింగ్స్ పేరు. దానిని తీసివేయుడని ఆయనయే కోరెను.