గోపన్నను జైల్ల ఏసింది భక్తికి కాదు, బాకీకి

శ్రీరామనవమి దగ్గర పడితె చాలు, ఫోన్లల్ల రామదాసు కథ తిరుగుడు మొదలైతది. ముస్లిం రాజు, హిందూ భక్తుడు, చీకటి కొట్టు, కొరడా దెబ్బలు. గంతే. కింద తిట్ల వాన. గట్ల పంపెటోళ్లల్ల శానామందికి నేలకొండపల్లి యాడుందో కూడ ఎర్కుండదు. మనకు ఎర్కే. ఖమ్మం నుంచి కోదాడ బాటల పోతుంటె తగుల్తది. కంచర్ల గోపన్న పుట్టింది ఆ ఊర్లె, పదిహేడో శతాబ్దంల. తండ్రి లింగన్న, తల్లి కామాంబ. నియోగి బ్రాహ్మల ఇల్లు. లెక్కలు, రాతకోతలు తెలిసిన కుటుంబం.

జనం చెప్పుకునే కథల గోపన్నకు రామమంత్రం ఇచ్చి, రామదాసు అని పేరు పెట్టింది కబీరు అనే ఫకీరు. కాశీ కబీరు అంతకు ముందు కాలపోడు, గందుకె ఈయన వేరే మనిషి అనుకోవాలె. ఏదైతేంది, రామభక్తునికి గురువుగ ఒక ఫకీరును పెట్టి కథ చెప్పుకున్నోళ్లు మన తాతలే. ఫోన్ల తిరిగే కథల ఈ ముక్క ఉండదు.

అప్పుడు గోల్కొండ రాజు అబుల్ హసన్ కుతుబ్ షా. మనం తానీషా అంటం. 1672ల గద్దెనెక్కిండు. ఆయన కొలువుల అందరికంటె పెద్ద మంత్రి మాదన్న, ఆయన పక్కనే తోడబుట్టిన అక్కన్న. ఇద్దరూ తెలుగు బ్రాహ్మలు. గోపన్నకు మేనమామలని చెప్తరు. రాజ్యం ఖజానా మాదన్న చేతిలనే నడిచేది. ఆ దారిల్నే గోపన్నకు పాల్వంచ పరగణా తహశీల్దారు కొలువు దొరికింది. ఇయ్యాల్టి మాటల చెప్పాల్నంటె రికమండేషన్ ఉద్యోగం.

తహశీల్దారంటె ఇప్పటి ఎమ్మార్వో లెక్క సర్టిఫికెట్ల మీద సంతకం పెట్టెటోడు కాదు. శిస్తు వసూలు జేసి గోల్కొండకు పంపాలె. కుతుబ్ షాహీల కాలంల శిస్తు వసూలును గుత్తకు ఇచ్చేటోళ్లు. ఎక్కువ పాడినోనికే ఊర్లు. వాన పడ్డా పడకున్నా ఒప్పుకున్న మొత్తం ఖజానాకు చేరాలె. చేరకుంటె వసూలు జేసినోని మెడ మీదికే వచ్చేది. రైతుకాడ్నించి కోట దాకా అందరూ ఒకని మీద ఒకడు బాకీలోల్లే.

పాల్వంచ పరగణాలనే, గోదారి ఒడ్డుకు, భద్రగిరి ఉంది. గుట్ట మీద విగ్రహాలను మొదలు చూసి, తాటాకు పందిరేసి, పండ్లు పెట్టి కొలిచింది పోకల దమ్మక్క అనే అడివి మనిషి అంటరు. గోపన్న వచ్చి చూసిండు. తాటాకు పందిరి కింద దేవుడు ఉండుడు ఆయన మనసుకు ఒప్పలేదు. ఊర్లపొంట తిరిగి చందాలు పోగుజేసిండంటరు. అవి సాలలేదు. చేతిల శిస్తు పైసలున్నయి. గుడి లేసింది, ప్రాకారం లేసింది, సీతమ్మకు చింతాకు పతకం, లక్ష్మణునికి సొమ్ములు, గోపురం మీద చక్రం. ఆరు లక్షల వరహాలని జనం నోట్ల ఉన్న లెక్క.

ఇక్కడ ఒక మాట చెప్పాలె. ఆ పైసలు గోపన్నయి కాదు, తానీషాయి అంతకన్నా కాదు. పాల్వంచ రైతులయి. గుడికి పోకుంటె కోటకు పోతుండె. రెండు తీర్ల పోయినా ఇచ్చినోని చేతికి తిరిగి రాకపోవు. రామదాసు పాటల రామునికి ఏమేం చేయించిండో అన్నీ ఉన్నయి గని, ఆ శిస్తు కట్టిన రైతు పేరు యాడ కనవడదు. ఆయనంటె నాకు గౌరవమే, అయినా ఈ ఎలితి ఎలితే.

లెక్క తేడా వచ్చిందని గోల్కొండకు ఎర్కయింది. పట్కపోయిండ్రు. పన్నెండేండ్లు లోపలేసిండ్రని ప్రతీతి. తానీషా ఏలిందే పదిహేనేండ్లు, అంటె ఆయన పాలన దాదాపు మొత్తం గోపన్న లోపలనే ఉన్నట్టు. గోల్కొండ కోటకు పోయినోళ్లు చూసే ఉంటరు, బాలాహిసారు ఎక్కే దారిల రామదాసు బందీఖానా. గోడకు రాముడు, లక్ష్మణుడు, ఆంజనేయుడి బొమ్మలు చెక్కి ఉంటయి. పైన కంతల నుంచి పడ్డంతే ఎల్తురు.

శిక్ష ఎన్నేండ్లు? ఆ లెక్కే లేదు. అది శిక్ష కాదు, వసూలు. పైసలు కడితె ఇడుస్తరు, కట్టకుంటె ఉంచుతరు. పెద్ద మంత్రి మేనమామ అయినా బయటికి తీయలేదు, తీయలేకపోయిండో, తీస్తె తన మీదికి వస్తదనుకున్నడో. మతం కోసమే జైల్ల ఏసినట్టయితె అదే తానీషా ఇద్దరు బ్రాహ్మల చేతిల రాజ్యం పెడుతుండెనా? ఖజానా మతం చూడదు, బాకీ చూస్తది.

ఆ కొట్టుల కూసుని గోపన్న పాడిన పాటలు మనకు అమ్మమ్మల నోట్ల నుంచి వచ్చినయే. మొదలు బతిమాలుకుంటడు. రాముడు పలకడు. కోపమొస్తది. నీకు ఈ సొమ్ము ఇంతవెట్టి చేయిస్తి, దానికి అంతవెట్టి చేయిస్తి అని పద్దులు చదివినట్టు ఒక్కొక్కటి ఏకరువు పెడ్తడు. నీ అబ్బ సొమ్మా అన్నంత దాకా పోతడు. మళ్ల తిట్టినందుకు ఏడ్చి, దెబ్బలకు ఓర్వలేక అన్ననని మాఫీ అడుగుతడు. సీతమ్మనైనా చెప్పమని పట్టుకుంటడు. భక్తి పాట అని పక్కకు పెట్టి ఇంటె, తారీఖు తెల్వక ఎదురుచూసే ఖైదీ గొంతు ఇనవడ్తది.

ఎట్ల బయటపడ్డడు? రామోజీ, లక్ష్మోజీ అని ఇద్దరు పిలగాండ్లు రాత్రి పూట తానీషా పక్కకు వచ్చి ఆరు లక్షలూ లెక్కగట్టి, రసీదు రాయించుకున్నరని కథ. దేవుడు కూడ తలుపు పగలగొట్టలేదు, పైసలు కట్టి రసీదు పట్టుకపోయి ఇడిపించిండు. మన జనానికి సర్కారు పద్ధతి అంత బాగ తెలుసు. ఆ నాటి నుంచే తానీషా కల్యాణానికి ముత్యాలు పంపిండంటరు. ఇప్పటికీ సర్కారు తరఫున ముత్యాల తలంబ్రాలు, పట్టుబట్టలు వస్తనే ఉన్నయి.

తానీషా కథ మాత్రం గుడి ముచ్చట్ల సగంలనే ఆపుతరు. ఔరంగజేబు సైన్యం మీదికొచ్చింది. అక్కన్న మాదన్నలను గోల్కొండ వీధిల చంపిండ్రు. ఎనిమిది నెలలు ముట్టడి వేస్తె 1687ల కోట పడింది, అది కూడ లోపలి మనిషి తలుపు తీస్తె. తానీషాను దౌలతాబాద్ కోటకు పట్కపోయి చీనీ మహల్ల బంధించిండ్రు. సుమారు పన్నెండేండ్లు లోపలనే ఉండి, లోపలనే సచ్చిపోయిండు. ఆయన్ను బంధించినోడు కూడ ముస్లిమే. గోల్కొండ రాజుల గుంబజుల దగ్గర ఆయనకు జాగ దొరకలేదు, ఖుల్దాబాద్‌ల పాతిపెట్టిండ్రు.

గోపన్న కట్టిన గుడి ఎవరిది అన్నదానికి కూడ ఒక్క జవాబు నిలవలేదు. 1860ల నిజాం భద్రాచలాన్ని ఇంగ్లీషోళ్లకు ఇచ్చిండు. తర్వాత గోదావరి జిల్లాల కలిపిండ్రు. 1959ల ఖమ్మానికి వచ్చింది. 2014ల పోలవరం కోసం చుట్టుపక్కల మండలాలను ఆంధ్రకు ఇచ్చి భద్రాచలం ఊరిని ఇక్కడ ఉంచిండ్రు. గుడి తెలంగాణల, గుడి భూములు పురుషోత్తపట్నంల, అంటె ఆంధ్రల.

ఈ గీతల నడుమ బతికేటోళ్లను నువ్వెవరివని అడుగుడు రోజు పని. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్ కొట్లాటలకు భయపడి ఇటు వచ్చిన గుత్తికోయలకు ఇక్కడ కుల సర్టిఫికెట్ దొరకదు, అక్కడికి మళ్ల పోలేరు. గసొంటి మనిషి మీద పోడు కేసో ఇంకోటో పడితె, బెయిల్ వచ్చినా జమానత్ పెట్టెటోడు కావాలె, ఇంటి పన్ను రసీదు కావాలె, పట్టా కాయితం కావాలె. దేశంల జైళ్లల్ల ఉన్నోళ్లల్ల నలుగురిల ముగ్గురు దాకా ఇంకా తీర్పు రానోళ్లే. నేరం రుజువు కాకున్నా, జైల్ల ఉంటె ఓటు లేదు, ఎలక్షన్ల పోటీ మాత్రం చెయ్యొచ్చు. అమెరికా వేరే తీరు. 1865ల బానిసత్వం తీసేసిన సవరణల్నే నేరానికి శిక్షగ అయితె చెల్లుతదని రాసుకున్నరు, కొన్ని రాష్ట్రాలల్ల శిక్ష పడ్డోళ్లకు బయటికి వచ్చినా ఓటు రాదు. జైలుకు పోతె సగం పౌరుడే అనే లెక్క రెండు కాడ్లా ఉంది.

మన దగ్గర పన్నెండేండ్ల గోపన్నలు ఉండొద్దని రాసిన కాయితాలు లేక కాదు. 1979ల బీహార్ ఖైదీల కేసుల సుప్రీంకోర్టు జల్ది విచారణ హక్కు అన్నది. 2024 జులై నుంచి నడుస్తున్న కొత్త చట్టం, బీఎన్‌ఎస్‌ఎస్ 479 ప్రకారం, అంతకు ముందు ఏ కేసులనూ శిక్ష పడనోళ్లు ఆ నేరానికి ఉన్న పెద్ద శిక్షల మూడో వంతు లోపల గడిపితె ఇడవాలె. ఉరి, యావజ్జీవం పడే నేరాలకు, ఒకటికంటె ఎక్కువ కేసులు నడిచేటోళ్లకు ఇది వర్తించదు. దరఖాస్తు పెట్టాల్సింది జైలు సూపరింటెండెంటే. పెట్టకుంటె అడగాల్సింది ఇంటోళ్లు. ఎస్టీలకు ఆదాయంతో పని లేకుంట ఫ్రీ వకీలు దొరుకుతడు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థల అడగాలె, ఫోన్ నంబర్ 15100.