గుల్బదన్ బేగము

మొగలు చక్రవర్తుల చరిత్రలో యుద్ధముల పేరులు మెండు. అంతఃపుర స్త్రీల కథలు మిక్కిలి అరుదు. ఆ కొలదిమందిలో గుల్బదన్ బేగము ఒకతె. ఈమె బాబరు కుమార్తె, హుమాయూనునకు సవతి చెల్లెలు, అక్బరునకు మేనత్త. 1523 ప్రాంతమున కాబూలులో జన్మించి, ఆరేండ్ల ప్రాయమున ఆగ్రా చేరెను. మరుసటి యేడే తండ్రి గతించెను. అన్న రాజ్యము గోల్పోవుటయు, సోదరులు ఒకరిపై నొకరు కత్తి దూయుటయు ఆమె ఎరిగినవే.

శక్తిగల ప్రతి ముస్లిమును జీవితములో నొకసారియైనను హజ్ యాత్ర చేయవలెను. మక్కాలో కాబాకు ఏడుమారులు ప్రదక్షిణము చేసి, అరఫాత్ మైదానమున నిలిచి దైవమును ప్రార్థింపవలెను. పురుషులు కుట్టని తెల్లని వస్త్రములు రెండే ధరింతురు గాన రాజెవడో, పేద యెవడో తెలియరాదు.

ఏబది యేండ్లు దాటిన పిమ్మట గుల్బదన్ అక్బరు అనుమతి బడసి, 1575లో ఫతేపూర్ సిక్రీ నుండి పయనమయ్యెను. అక్బరు భార్య సలీమా సుల్తాను బేగము మొదలగు స్త్రీలు పలువురు వెంట నడచిరి. సూరతు రేవున చిక్కు వచ్చిపడెను. ఆనాడు అరేబియా సముద్రముపై పెత్తనము పోర్చుగీసువారిది. వారి అనుమతి పత్రము లేని ఓడను వారు పట్టుకొనెడివారు. ఆ కాగితమునకై చక్రవర్తి మేనత్త సుమారు ఏడాది కాచుకొనవలసి వచ్చెను! బాలలారా, ఇక సామాన్య యాత్రికుల పాట్లు మీరే ఊహించుకొనుడు.

1576 అక్టోబరులో ఓడ కదలెను. ఆమె మూడేండ్లకు పైగా అరబ్బు దేశమున వసించి, నాలుగు మారులు హజ్ చేసెను. వారి పరివారము వలన ఊరు ఇరుకగుచున్నదని తలచి, మక్కాపై అధికారముగల తుర్కీ సుల్తాను మూడవ మురాదు వారిని పంపివేయుడని ఆజ్ఞ లంపెను. తిరుగు ప్రయాణమున ఏడెను సమీపమున నౌక భగ్నమయ్యెను. అచట పెక్కు నెలలు చిక్కువడి, తుదకు 1582లో ఇల్లు చేరిరి.

అక్బరు కోరికపై 1587 ప్రాంతమున ఆమె పారసీక భాషలో 'హుమాయూన్ నామా' రచించెను. పెండ్లిండ్లు, విందులు, ఏడుపులు, అలుకలు అన్నియు అందు గలవు. నేటికి దొరకిన ప్రతి కామ్రాను కన్నులు పోగొట్టిన ఘట్టమున అర్ధాంతరముగ ఆగిపోయినది. హజ్ ముచ్చట అందు లేదు. ఈ చోటికి వచ్చినపుడెల్ల నాకు మనసు చివుక్కుమనును. ఆ యేడేండ్ల కథ ఆమె స్వయముగ చెప్పియున్న నెంత బాగుండెడిది!

1603లో, ఎనుబదియవ యేట, గుల్బదన్ కన్నుమూసెను. వదినెయగు హమీదా బాను కడవరకు చెంతనే యుండెను. అక్బరు తన మేనత్త పాడెను కొంతదూరము స్వయముగ మోసెను.