ఐదు డాలర్ల బయానా: మేరీ బెథ్యూన్ కాలేజీ కట్టిన కథ

1904 అక్టోబర్ 3. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం, డేటోనా బీచ్. నెలకు 11 డాలర్ల అద్దెకు తీసుకున్న ఒక చిన్న ఇంట్లో నల్లజాతి ఆడపిల్లల కోసం బడి మొదలైంది. వచ్చింది ఐదుగురు పిల్లలు. వాళ్లతో పాటు టీచరమ్మ కొడుకు, ఐదేళ్లవాడు. ఆ టీచరమ్మ చేతిలో ఉన్నది ఒకటిన్నర డాలర్. మొదటి నెల అద్దెకు కూడా చాలదు. ఆమె పేరు మేరీ మెక్‌లియోడ్ బెథ్యూన్. తర్వాత అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ప్రభుత్వంలో నల్లజాతి యువజన వ్యవహారాలు చూసిన అధికారిగా, నల్లజాతి మహిళల జాతీయ మండలి స్థాపకురాలిగా ఆమెను చరిత్ర గుర్తుపెట్టుకుంది. ఈ వ్యాసం మాత్రం ఆమె డబ్బు పోగుచేసిన తీరు గురించి. అణగారిన జనం సొంతంగా ఒక విద్యాసంస్థ నడపాలంటే పైసా ఎక్కడి నుంచి వస్తుంది, ఆ పైసాతో పాటు ఏమేం వస్తాయి అన్నది మన బడులూ హాస్టళ్లూ నడిపేవాళ్లకు ఇవాళ్టికీ తెగని ప్రశ్న.

మేరీ 1875లో సౌత్ కరోలినా రాష్ట్రంలోని మేయెస్‌విల్ దగ్గర పుట్టింది. బానిసత్వం చట్టప్రకారం రద్దయి అప్పటికి పదేళ్లు. అమ్మానాన్నలు ప్యాట్సీ, శామ్యూల్ బానిసలుగా బతికినవాళ్లే. పదిహేడు మంది సంతానంలో ఈమె పదిహేనోది. చిన్నతనంలో పత్తి చేలో పని. ఒకసారి తల్లితో పాటు తెల్లవాళ్ల ఇంటికి వెళ్లినప్పుడు అక్కడున్న పుస్తకాన్ని చేతిలోకి తీసుకుంటే, నీకు చదవడం రాదు కదా, కింద పెట్టమని ఆ ఇంటి పిల్ల కసిరింది. పుస్తకం ముట్టుకున్నందుకు పడే మాట ఎలా ఉంటుందో మన పాఠకులకు విడమర్చి చెప్పక్కర్లేదు.

ఊళ్లో మిషన్ బడి తెరిచాక మైళ్ల దూరం నడిచి వెళ్లి చదువుకుంది. రాత్రి ఇంట్లో వాళ్లకు చదివి వినిపించేది. అక్కడితో చదువు ఆగిపోవాల్సిందే. కానీ వేల మైళ్ల అవతల, డెన్వర్‌లో బట్టలు కుట్టి బతికే మేరీ క్రిస్మన్ అనే ఒక తెల్ల మహిళ తన కొద్దిపాటి సంపాదనలోంచి ఒక నల్లజాతి పిల్లను చదివించాలనుకుంది. ఆ సాయం ఈమెకు దక్కింది. 1888 నుంచి 1894 వరకు నార్త్ కరోలినాలోని స్కోషియా సెమినరీలో చదివింది. ఈమె జీవితంలో మొదటి దాత కోటీశ్వరుడు కాదు, ఒక దర్జీ. తర్వాతి నలభై ఏళ్లు ఆమె చిన్న నాణేన్ని చిన్నచూపు చూడకపోవడానికి బహుశా ఇదే మూలం అనుకుంటాను.

షికాగోలో బైబిల్ చదువు ముగించి, ఆఫ్రికాలో మిషనరీగా పనిచేస్తానని అడిగితే నల్లవాళ్లకు అక్కడ ఖాళీలు లేవన్నారు. ఆఫ్రికాకు ఆఫ్రికా బిడ్డే పనికిరాదన్నమాట. దాంతో టీచరైంది. జార్జియాలోని ఆగస్టాలో లూసీ లేనీ అనే నల్లజాతి మహిళ నడిపిన హేన్స్ బడిలో పనిచేసినప్పుడే బడి పెట్టడం, నడపడం దగ్గర్నుంచి చూసింది. పెళ్లి, కొడుకు, ఫ్లోరిడాలోని పలాట్కాలో కొన్నేళ్లు. అక్కడ పొట్టకూటికి బీమా పాలసీలు అమ్మింది. రైలుమార్గం పనుల కోసం డేటోనా ప్రాంతానికి నల్లజాతి కూలీలు కుటుంబాలతో వచ్చి పడుతున్నారని, వాళ్ల పిల్లలకు చదువు లేదని విని అక్కడికి చేరింది.

డేటోనాలో నల్లజాతి పిల్లలకు ప్రభుత్వ చదువు ఏడో తరగతితో సరి. అదే ఊళ్లో పెరిగిన హోవర్డ్ థర్మన్ హైస్కూలు కోసం జాక్సన్‌విల్ వెళ్లాల్సి వచ్చింది. ఆ థర్మనే తర్వాత పెద్ద మతతత్వవేత్త అయి, 1935-36లో భారతదేశం తిరిగి వెళ్లాడు.

ఇక బడి నడిచిన తీరు. ప్యాకింగ్ పెట్టెలే బల్లలు. కాలిన కట్టెపుల్లలే పెన్సిళ్లు. ఎల్డర్‌బెర్రీ పండ్ల రసమే సిరా. సముద్రతీరపు హోటళ్ల వెనక చెత్తకుప్పల్లో పారేసిన విరిగిన కుర్చీలు, పగుళ్లిచ్చిన పింగాణీ పళ్లాలు, పాత దుప్పట్లు ఏరుకొచ్చి, కడిగి, బాగుచేసి వాడుకున్నారు. చెట్లకు వేలాడే నాచు కోసి గోనెసంచుల్లో కూరి పరుపులు చేశారు. రెండేళ్లు తిరిగేసరికి పిల్లలు 250 మంది. అద్దె ఇల్లు చాల్లేదు.

అప్పుడామె కళ్లు ఊరి చెత్త పారబోసే ఒక పల్లపు స్థలం మీద పడ్డాయి. యజమాని రెండు వందలకు పైగా డాలర్లు చెప్పాడు. ఐదు డాలర్లు బయానా ఇస్తానని ఒప్పించింది. ఆ ఐదు కూడా అప్పటికి చేతిలో లేవు. నిర్మాణ పనుల దగ్గర కూలీలకు చిలగడదుంపతో చేసిన తీపి వంటకం, ఐస్‌క్రీమ్ అమ్మి కొద్ది రోజుల్లో చిల్లర పోగుచేసి, రుమాలులో మూటగట్టి తీసుకెళ్లి ఇచ్చింది. అంటే ఆ నేలకు తొలి పైకం కట్టింది కూలీలే. వాళ్ల పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు.

భవనం కట్టడం ఇంకో కథ. కాంట్రాక్టర్ల వెంటపడి లారీ ఇసుక, పాత ఇటుకలు అడిగింది. ఊళ్లోని వడ్రంగులను, తాపీ పనివాళ్లను సాయంత్రం కొన్ని గంటలు పనిచేసి పొమ్మంది. కూలికి బదులు తినడానికి శాండ్‌విచ్‌లు, వాళ్లకూ వాళ్ల పిల్లలకూ చదువు. విరాళమంటే రశీదు మీద అంకె ఒక్కటే కాదు. ఒక తాపీమేస్త్రి సాయంత్రం కూడా విరాళమే. అలా లేచిన మొదటి భవనానికి విశ్వాసం అనే అర్థం వచ్చేలా ఫెయిత్ హాల్ అని పేరు పెట్టింది. దాదాపు అవే రోజుల్లో మన హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ ఆదిహిందూ పిల్లలకు బడులు పెడుతున్నాడు. ఒకరి సంగతి ఒకరికి తెలిసే వీలు లేదు.

అయితే కూలీల చిల్లరతో మాత్రమే కాలేజీ లేవలేదు. ఈ మాట దాస్తే ఆమెకు అన్యాయం చేసినట్టే. డేటోనాకు చలికాలం గడపడానికి ఉత్తరాది ధనవంతులు వచ్చేవారు. ఆమె వాళ్లను వెతుక్కుంటూ వెళ్లింది. బడిపిల్లలతో హోటళ్లలో పాటలు పాడించి చందాలు అడిగింది. సబ్బుల కంపెనీ ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కుటుంబానికి చెందిన జేమ్స్ గ్యాంబుల్ బడి చూద్దామని వచ్చి, ఏదీ బడి అని అడిగితే, అది నా మనసులో ఉంది, దానికే ధర్మకర్తగా ఉండమంటున్నానని చెప్పిందట. ఆయన ధర్మకర్తల మండలి అధ్యక్షుడయ్యాడు. కుట్టుమిషన్ల కంపెనీ యజమాని థామస్ వైట్ ఒకరోజు వచ్చి, సగంలో ఆగిన గోడలు, పాత కుట్టుమిషన్ చూసి వెళ్లి, తర్వాత కొత్త మిషనూ డబ్బూ ఇచ్చాడు. తన వీలునామాలోనూ బడికి సొమ్ము రాశాడు.

ఈ డబ్బుకు షరతులు కాగితం మీద లేకపోవచ్చు, గాలిలో ఉండేవి. నల్లపిల్లలు వంట, కుట్టు, ఇంటిపని నేర్చుకుంటున్నారంటే తెల్ల దాతలకు ఇష్టం. లాటిన్, గణితం అంటే భయం. బుకర్ టి. వాషింగ్టన్ టస్కెగీలో నడిచిన దారి ఇదే, దాని మీద డుబోయిస్ చేసిన విమర్శ కూడా మనకు తెలుసు. బెథ్యూన్ బడి పేరులోనూ పారిశ్రామిక శిక్షణ అన్న మాట ఉంది. ఆమె రాజీపడిందా? కొంతవరకు పడిందనే నా అభిప్రాయం. ఆడపిల్లలు హోటల్ అతిథుల ముందు నిలబడి పాడాల్సి రావడం తేలిగ్గా తీసుకోదగ్గది కాదు. కానీ ఒక గీత గీసుకుంది. ఆదివారం సభలకు బడికి వచ్చిన తెల్ల అతిథులకు వేరే వరస ఉండేది కాదు. వేర్పాటు చట్టాల ఫ్లోరిడాలో దాతలు నల్లవాళ్ల పక్కనే కూర్చోవాలి.

ఆస్పత్రి సంగతీ అంతే. అపెండిసైటిస్‌తో విలవిల్లాడుతున్న విద్యార్థినిని తెల్లవాళ్ల ఆస్పత్రిలో చేరిస్తే వెనక వసారాలో పడుకోబెట్టారు. అది చూసి వచ్చిన బెథ్యూన్ మళ్లీ చందాలకు బయల్దేరింది. 1911లో రెండు మంచాలతో మొదలైన మెక్‌లియోడ్ ఆస్పత్రి, చాలా ఏళ్లు ఆ ప్రాంతపు నల్లవాళ్లకు దిక్కయింది. మహిళలకు ఓటు హక్కు వచ్చాక నల్లజాతి మహిళలకు ఓట్లు నమోదు చేయించింది. 1920ల మొదట్లో ఒక ఎన్నికకు ముందు రాత్రి కు క్లక్స్ క్లాన్ ముసుగులతో బడి ఆవరణలోకి వచ్చింది. ఆమె కదల్లేదు. మర్నాడు తన జనాన్ని వెంటబెట్టుకుని పోలింగుకు వెళ్లింది. ధనవంతుల చందాల మీద నడిచే సంస్థ అధిపతి ఇలాంటి పని చేస్తే ఏం పోగొట్టుకోవచ్చో ఊహించుకోండి.

ఎంత తిరిగినా ప్రతి ఏడూ ఖజానా మళ్లీ సున్నాకే వచ్చేది. దాతలు ముసలివాళ్లవుతారు, మూడ్ మారుతుంది, మార్కెట్ పడిపోతుంది. 1923లో ఆమె తన బడిని జాక్సన్‌విల్‌లోని కుక్‌మన్ సంస్థతో కలిపి మెథడిస్ట్ చర్చి నీడలోకి తెచ్చింది. సొంత బిడ్డను ఉమ్మడి ఇంటికి అప్పజెప్పినట్టే. కానీ నిలకడైన ఆదరువు దొరికింది. ఆడపిల్లల బడి అందరి కాలేజీగా మారింది. 1931లో జూనియర్ కాలేజీగా గుర్తింపు వచ్చింది, బెథ్యూన్-కుక్‌మన్ కాలేజీ అన్న పేరు స్థిరపడింది. 1941లో నాలుగేళ్ల డిగ్రీకి అనుమతి దొరికింది. మరుసటి ఏడు ఆమె అధ్యక్ష పదవి నుంచి తప్పుకుంది.

చిన్న కాలేజీలన్నీ ఒకే కొద్దిమంది ధనవంతుల గుమ్మాల ముందు పోటీపడి నిలబడటంలోని అవమానం ఆమె ఒక్కదానిదే కాదు. టస్కెగీ అధ్యక్షుడు ఫ్రెడరిక్ ప్యాటర్సన్, అందరం కలిసి ఒకే నిధికి అడుగుదాం, కోట్లిచ్చే ఒక్కరి కంటే చిన్న మొత్తాలిచ్చే వేలమంది దగ్గరికి వెళదాం అన్నాడు. బెథ్యూన్ ఆయనతో నిలబడింది. 1944లో 27 కాలేజీలతో యునైటెడ్ నీగ్రో కాలేజ్ ఫండ్ పుట్టింది. మొదటి ఏడాదే 7 లక్షల డాలర్లకు పైనే వసూలైంది. అందులో రాక్‌ఫెల్లర్లూ ఉన్నారు, నల్లజాతి ఉద్యోగులూ, చర్చిలూ, ఆ కాలేజీల్లో చదివినవాళ్లూ ఉన్నారు. ఆ మరుసటి ఏడే బాబాసాహెబ్ అంబేద్కర్ పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టి, 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ తెరిచాడు. రెండు ఖండాల్లో ఒకే లెక్క వేసుకుంటున్న మనుషులు.

1953లో బెథ్యూన్ కాలేజీ ఆవరణలోని తన ఇంటిని కూడా ఒక ఫౌండేషన్‌కు రాసిచ్చేసింది. 1955 మే 18న ఆ ఇంట్లోనే కన్నుమూసింది. సమాధి ఆ ప్రాంగణంలోనే ఉంది. కాలేజీ 2007లో విశ్వవిద్యాలయమైంది. అది ఇప్పటికీ చిన్నదే, ఇప్పటికీ పూర్వ విద్యార్థుల దగ్గరికి చందాల కోసం వెళుతూనే ఉంది.