ఖాళీ దొరికితే బొమ్మ వంతెనలు.. యుద్ధంలో సైన్యాలను నదులు దాటించింది ఆయనే! ఇంతకీ ఎవరీ డొనాల్డ్ బెయిలీ?

బెయిలీ బ్రిడ్జి.. 2024లో టీవీ చూసిన ప్రతి ఇంట్లోనూ ఈ మాట వినిపించింది. ఆ ఏడాది జూలై 30న కేరళలోని వయనాడ్‌లో కొండచరియలు విరిగిపడ్డాయి. చూరల్‌మల దగ్గర వంతెన కొట్టుకుపోయింది. అవతల ఉన్న ముండక్కై వైపు పెద్ద యంత్రాలు వెళ్లే దారే లేకుండా పోయింది. అప్పుడు బెంగళూరు కేంద్రంగా ఉన్న మద్రాస్ ఇంజినీర్ గ్రూప్ జవాన్లు రంగంలోకి దిగారు. లారీల్లో తెచ్చిన ఇనుప చట్రాలను ఒక్కొక్కటిగా బిగిస్తూ ఆగస్టు 1 సాయంత్రానికల్లా 190 అడుగుల వంతెన నిలబెట్టేశారు. దక్షిణాది కుర్రాళ్లతో నడిచే ఈ దళంలో మన తెలుగువాళ్లూ ఉంటారు.

అయితే బెయిలీ అన్నది ఊరి పేరు కాదు, కంపెనీ పేరూ కాదు. ఒక మనిషి పేరు. బ్రిటన్ యుద్ధ శాఖలో నెల జీతానికి పనిచేసిన ఇంజినీరు. ఖాళీ దొరికితే చిన్న చిన్న నమూనా వంతెనలు కట్టుకోవడం ఆయన సరదా. ఆ సరదా ఎక్కడిదాకా వెళ్లిందో చూస్తే ఆశ్చర్యమేస్తుంది.

ఉక్కు ఊళ్లో పుట్టిన పిల్లాడు

డొనాల్డ్ కోల్‌మన్ బెయిలీ 1901 సెప్టెంబర్ 15న ఇంగ్లండ్‌లోని రోథరమ్‌లో పుట్టారు. యార్క్‌షైర్‌లో ఉక్కు పనికి పేరున్న పట్టణం అది. కాకతాళీయమే కానీ, లివర్‌పూల్‌కు చెందిన ఫ్రాంక్ హార్న్‌బీ ఒక ఆటవస్తువుకు పేటెంట్ తీసుకున్నది కూడా అదే ఏడాది. చిల్లులున్న లోహపు పట్టీలు, నట్లు, బోల్టులు.. తర్వాత మెకానో పేరుతో ప్రపంచమంతా పాకిన బొమ్మ ఇదే. బెయిలీ బ్రిడ్జిని చూసినవాళ్లు ఇప్పటికీ మొదట పోల్చేది ఆ మెకానోతోనే.

1923లో షెఫీల్డ్ యూనివర్సిటీలో ఇంజినీరింగ్ డిగ్రీ పూర్తయింది. ఆ తర్వాత కొన్నాళ్లు యార్క్‌లోని రౌన్‌ట్రీ చాక్లెట్ల కంపెనీలో, కొన్నాళ్లు రైల్వేలో, కొన్నాళ్లు షెఫీల్డ్ నగర ఇంజినీర్ల ఆఫీసులో పనిచేశారు. 1928లో అసలు చోటికి చేరుకున్నారు. ఇంగ్లండ్ దక్షిణ తీరంలో క్రైస్ట్‌చర్చ్ అనే చిన్న పట్టణం ఉంది (క్రికెట్ మ్యాచ్‌లు జరిగే న్యూజిలాండ్ నగరం కాదు). అక్కడ సైన్యానికి వంతెనల మీద ప్రయోగాలు చేసే సంస్థ ఒకటి ఉండేది. బెయిలీ అందులో ఉద్యోగి అయ్యారు.

నదిని కాదు, లారీని కొలిచారు

అప్పటికి సైన్యాల తలనొప్పి ఒక్కటే. ట్యాంకుల బరువు ఏటికేడు పెరిగిపోతోంది. ఉన్న వంతెనలు ఆ బరువుకు ఆగవు. కొత్త రకం వంతెన గురించి 1936లోనే బెయిలీ ఒక ఆలోచన ముందుపెట్టారు. పై అధికారులు దాన్ని పక్కన పడేశారు.

1940 నాటికి యుద్ధం ముదిరింది. కేంబ్రిడ్జి ప్రొఫెసర్ చార్లెస్ ఇంగ్లిస్ రూపొందించిన వంతెనను ఎక్కువ బరువుకు తగ్గట్టు మార్చి పరీక్షిస్తే అది వంగిపోయింది. ఆ పరీక్ష చూసి కారులో తిరిగొస్తూ బెయిలీ ఒక కవరు వెనకవైపు తన పాత ఆలోచనను గీసి చూపించారని చెబుతారు. ఈసారి వినేవాళ్లు దొరికారు.

ఆ గీత గొప్పదనం ఏంటంటే.. వంతెన కట్టేవాళ్లు మామూలుగా నది వెడల్పుతో లెక్క మొదలుపెడతారు. బెయిలీ లారీతో మొదలుపెట్టారు. ఏ ముక్కైనా సైన్యం వాడే 3 టన్నుల లారీలో పట్టాలి. ఆరుగురు మనుషులు చేతులతో ఎత్తగలగాలి. క్రేన్ అక్కర్లేదు, వెల్డింగ్ అక్కర్లేదు. ఫిరంగులు మోగుతుంటే, చీకట్లో, బురదలో నిలబడి కట్టాల్సిన వంతెన మరి!

అలా పుట్టిందే ప్యానెల్. పొడవు 10 అడుగులు, ఎత్తు 5 అడుగుల పైచిలుకు, బరువు సుమారు 260 కిలోలు. ఒక చివర ఒంటి చెవులు, రెండో చివర జంట చెవులు. ఒంటి చెవిని జంట చెవుల మధ్య దూర్చి పిన్ను కొడితే సరి, పొడవు పెరుగుతుంది. ఎక్కువ బరువు మోయాలా? పక్కన ఇంకో వరస. ఇంకా ఎక్కువా? పైన ఇంకో అంతస్తు. ముక్క మాత్రం అదే. కింద అడ్డంగా దూలాలు, వాటిమీద పలకలు.. రోడ్డు రెడీ.

మరి అవతలి ఒడ్డున మనిషి లేకుండా వంతెనను ఎలా చేరుస్తారు? ఇవతలి ఒడ్డున రోలర్ల మీద మొత్తం కడతారు. ముందు భాగంలో పలకలు లేని తేలికపాటి ముక్కు బిగిస్తారు. వెనక నుంచి నెడితే ముక్కు గాల్లో తేలుతూ అవతలి ఒడ్డుకు ఆనుతుంది. వెనకున్న బరువు ఎక్కువ కాబట్టి వంతెన నదిలోకి ఒరగదు. పని పూర్తయ్యాక ముక్కు విప్పేస్తారు.

నమూనా చెప్పని నిజం

ఇవాళ సైనిక లారీలు, వంతెన మోసే ట్రక్కుల నమూనాలు చేసే హాబీ వాళ్లు ఎక్కువగా వాడే కొలతల్లో 1:35 ఒకటి. ఆ లెక్కన బెయిలీ ప్యానెల్ పొడవు 8.7 సెంటీమీటర్లకు దిగుతుంది. దాన్ని అసలు ఉక్కుతోనే చేసినా బరువు 6 గ్రాములే. ఇక్కడే ఒక చిక్కుంది. పొడవు 35 రెట్లు తగ్గితే బరువు దాదాపు 43 వేల రెట్లు తగ్గుతుంది. కానీ ఉక్కు బలం తగ్గేది 1,225 రెట్లే. అంటే బొమ్మ వంతెన తన బరువుతో పోలిస్తే అసలు వంతెనకన్నా ఎన్నో రెట్లు గట్టిగా కనిపిస్తుంది. ముక్కలు కుదురుతాయా లేదా అన్నది నమూనా చెబుతుంది. ట్యాంకుకు ఆగుతుందా అన్నది చెప్పదు. ఆ ట్యాంకులో మనుషులుంటారు.

అందుకే అసలు సైజులో కట్టి చూడాల్సి వచ్చింది. 1941 ఫిబ్రవరి 14న ప్రభుత్వం నుంచి ఆదేశం వచ్చింది. మే 1 కల్లా పూర్తి వంతెన కావాలని గడువు. పదకొండు వారాలు! గడువులోపే సిద్ధమైంది. క్రైస్ట్‌చర్చ్‌లో నేలకు కాస్త ఎత్తులో దాన్ని నిలబెట్టి, మొదటి ప్రపంచ యుద్ధం నాటి మార్క్ 5 ట్యాంకుల్లో దుక్క ఇనుము నింపి మరీ పైకెక్కించారు. వంతెన తట్టుకుంది. ఆ ఏడాది డిసెంబర్‌కే సైన్యం చేతికి అందింది.

వంతెనల ముఖం ఎరగని ఫ్యాక్టరీలకు కూడా ప్యానెళ్ల పని అప్పగించారు. ఎక్కడ తయారైన ముక్కైనా ఇంకెక్కడో తయారైన ముక్కతో అతుక్కోవాల్సిందే, లేదంటే మొత్తం ఐడియాయే వేస్ట్. అందుకే చిల్లుల కొలతల దగ్గర ఏమాత్రం రాజీ పడలేదు.

గారి నదిలో మునిగిన ట్యాంకు

యుద్ధంలో తొలి బెయిలీ బ్రిడ్జి 1942 నవంబర్‌లో ట్యునీసియాలోని మెడ్జెజ్ ఎల్ బాబ్ దగ్గర లేచింది. ఇటలీలో అయితే వేలల్లో కట్టారు. వెనక్కి తగ్గుతున్న జర్మన్లు దాటిన ప్రతి వంతెననూ పేల్చేస్తుంటే, వెంట వస్తున్న ఇంజినీర్లు కొత్తది వేసుకుంటూ పోయారు.

1944 మే నెలలో కాసినో దిగువన గారి నది దగ్గర జరిగింది మాత్రం సినిమా సీనే. అక్కడ దాటాల్సింది మన 8వ ఇండియన్ డివిజన్. ఒడ్డున నిలబడి కడితే తుపాకులకు బలైపోతారు. దాంతో కెనడా కెప్టెన్ టోనీ కింగ్స్‌మిల్ ఆలోచనతో బెయిలీ వంతెనను ముందే కట్టి ఒక షెర్మన్ ట్యాంకు వీపుమీద ఎక్కించారు. వెనక నుంచి ఇంకో ట్యాంకు పట్టుకుని నెట్టింది. మోసుకెళ్లిన ట్యాంకు నదిలోకి దిగి మునిగిపోయింది. డ్రైవర్ బతికి బయటపడ్డాడు. వంతెన మాత్రం అవతలి ఒడ్డుకు ఆనింది. ట్రక్కుల మీద నుంచి నేరుగా వంతెనలు పరిచే ఈనాటి యంత్రాలు చూస్తే ఆ ముతక ప్రయత్నమే గుర్తొస్తుంది.

అదే ఏడాది చివర్లో బర్మాలోని కలేవా దగ్గర చిండ్విన్ నది మీద 1,154 అడుగుల తేలే బెయిలీ బ్రిడ్జి పడింది. అప్పటికి అంత పొడవైనది ఇంకోటి లేదు. ఈ వంతెన లేకుంటే ఇటలీలో తన సైన్యం అంత వేగంగా కదిలేదే కాదని జనరల్ మాంట్‌గోమరీ తర్వాత ఒప్పుకున్నారు.

ఐడియా ఎవరిది?

1946 కొత్త సంవత్సరం నాడు బెయిలీకి సర్ బిరుదు దక్కింది. ప్రభుత్వ ఆవిష్కరణల కమిషన్ 12 వేల పౌండ్లు ఇచ్చింది. ఆ పేరు వెనకే గొడవలూ వచ్చాయి. ఇరాక్‌లోని కుర్దుల కొండల్లో రోడ్డు వేసి పేరు తెచ్చుకున్న న్యూజిలాండ్ ఇంజినీరు ఆర్చిబాల్డ్ హామిల్టన్, ఇది తన కాలెండర్-హామిల్టన్ వంతెన పేటెంటేనని క్లెయిమ్ చేశారు. 1954లో కమిషన్ ఆయనకు 10 వేల పౌండ్లు ఇచ్చింది. మార్టెల్ అనే సైన్యాధికారి తన డిజైన్ వాడారన్నారు. ఆయనకూ 500 పౌండ్లు దక్కాయి. 12 వేలు, 10 వేలు.. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే, హామిల్టన్ వాదనను కమిషన్ తేలిగ్గా తీసుకోలేదని అర్థమవుతుంది. కానీ వంతెనకు స్థిరపడ్డ పేరు మాత్రం బెయిలీదే. ముక్కలు కొత్తవి కాకపోవచ్చు. వాటిని లారీకి, ఆరుగురి చేతులకు సరిపెట్టిన తీరు మాత్రం ఆయనదే అనిపిస్తుంది.

బిరుదు వచ్చినా బెయిలీ సైనిక ఇంజినీరింగ్ వదల్లేదు. 1962 నుంచి ష్రివెన్‌హామ్‌లోని రాయల్ మిలిటరీ సైన్స్ కాలేజీలో డీన్‌గా పనిచేసి 1966లో రిటైరయ్యారు. 1985 మే 5న 83 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

క్రైస్ట్‌చర్చ్ పక్కనే స్టాన్‌పిట్ చిత్తడి నేలల్లో మదర్ సిల్లర్స్ అనే కాలువ ఉంది. ప్రయోగాల రోజుల్లో దాని మీద వేసిన తొలినాటి వంతెన ఇంకా అక్కడే ఉంది. ఆ దారిన వెళ్లే జనం దాని మీద నడిచే కాలువ దాటుతున్నారు.